ఎరుపు కింద మనిషి

చెరపడం అన్న మాట సరైనది కాదేమో. చెరిపితే ఏమీ మిగలకూడదు. ఇక్కడ మనిషి ఎక్కడికీ పోలేదు, ఉన్నచోటే ఉన్నాడు, పైన ఎర్ర రంగు పూత ఒకటి ఉంది, అంతే. పోనీ కప్పడం అందామంటే అదీ కుదరదు. కప్పి ఉంచినదాన్ని చూస్తే కింద ఏదో ఉందని చిన్నపిల్లలకైనా తెలుస్తుంది. ఇది అలా కాదు. నెగటివ్ మీద ఎర్రగా ఉన్నచోటు కాగితం మీదికి వచ్చేసరికి తెల్లగా అయిపోతుంది, తెల్లటి ఆకాశంలో కలిసిపోతుంది, అక్కడ ఒక మనిషి ఉండేవాడన్న అనుమానం కూడా ఎవరికీ రాదు. ఆ ఎండాకాలమంతా నేను కళ్లజోళ్ల దుకాణంలో ఎవరెవరి కళ్లలోకో లైటు వేసి చూస్తూ, మనసులో మాత్రం ఈ పనికి తగిన మాట కోసం వెతుక్కుంటూ ఉండేదాన్ని. ఆ పూత పూసింది మా అమ్మ. దాని కింద ఉన్నది మా నాన్న.

అమ్మ ఒకప్పుడు సినిమా స్టిల్స్ దిద్దేది. షూటింగులో తీసిన ఫోటోల నెగటివ్‌లను కింది నుంచి వెలుగొచ్చే గాజుబల్ల మీద పరిచి, పోస్టర్లకి పనికిరానివాటిని సన్నటి కుంచెతో ఎర్ర రంగు వేసి మూసేసేది. కరెంటు స్తంభాలు, గొడుగులు, వైర్లు, అంచున పొరపాటున పడిన పనివాళ్లు. నాన్న ఆ పనివాళ్లలో ఒకడు. వెండి కాగితం అంటించిన నిలువెత్తు బోర్డుతో ఎండని మళ్లించి నటీనటుల ముఖాల మీద వేసేవాడు. సెట్లో ఆయన్ని ఎవరూ పేరుతో పిలవలేదు. అద్దం అనేవారు. "అద్దాన్ని పిలు", "అద్దం భోంచేశాడా", "అద్దానికి జ్వరమట, ఇవాళ ఎండ లేనట్టే".

పని మానేసి ఏళ్లు గడిచినా ఆయన కళ్లు మాత్రం పని మానలేదు. కూరగాయల వాడి ముఖం మీద ఎండ పక్కనుంచి పడుతుంటే, "అటు తిరగవయ్యా, ముక్కు నీడ మూతి మీద పడుతోంది" అనేవాడు. నన్ను చూడటానికి పెళ్లివారు వచ్చినప్పుడు, నన్ను కిటికీ ఎదురుగా కూర్చోబెట్టారని అమ్మతో పోట్లాడి కుర్చీ జరిపించాడు. సంబంధం కుదరలేదు. "వెలుగు మాత్రం కుదిరింది" అన్నాడు, అదేదో తన వంతు పని తను చేసినట్టు. నేను ఒంటరిగా మిగిలిపోయినందుకు చుట్టాలంతా బాధపడ్డారు గాని నాకెందుకో ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ నవ్వొస్తుంది.

ఆ సంవత్సరం ఎండలు ముదురుతుండగా ఒక సాయంత్రం టీవీలో ఒక పెద్దావిడకి సన్మానం చూపిస్తున్నారు. ఒకప్పటి హీరోయిన్. ఆవిడ పేరు చెప్పగానే అందరికీ గుర్తొచ్చే సీను ఒకటుంది. కొండవాలు మీద తల వంచుకుని నిలబడి ఉంటుంది, కబురు వింటుంది, మెల్లగా ముఖం ఎత్తుతుంది, ఎత్తుతుంటే ముఖం మీదికి వెలుగు వస్తుంది. అంతే సీను. దాని గురించి ఆవిడ మైకులో చెబుతోంది: "ఆ రోజంతా మబ్బే. నేను తల ఎత్తగానే మబ్బు చీలి ఎండ నా ముఖం మీద పడింది. దేవుడే లైటింగు చేశాడు."

"మబ్బూ చీలలేదు, ఏమీ చీలలేదు" అన్నాడు నాన్న కుర్చీలోంచి. "మబ్బు ఆవిడ నెత్తిమీదే ఉంది. ఎండ అవతల గట్టు మీద జానెడు పడుతోంది. అక్కడినుంచి దాన్ని పట్టుకొచ్చి ఆవిడకి ఇచ్చింది నేను."

ఈ కథ మేము చాలాసార్లు విన్నదే. అమ్మ బియ్యంలో రాళ్లు ఏరుతూ, "మీరే ఇచ్చారు లెండి, ఆవిడ రశీదు ఇవ్వడం మర్చిపోయింది" అంది.

అప్పుడు టీవీలో ఆ సీను వేశారు. నాన్న లేచి తెర దగ్గరికి వెళ్లాడు. ముక్కు తగిలేంత దగ్గరగా నిలబడి చూశాడు. మళ్లీ వేశారు, మళ్లీ చూశాడు. వెనక్కి తిరిగినప్పుడు ఆయన ముఖం తప్పు అడ్రసుకి వచ్చానని అప్పుడే తెలిసిన మనిషి ముఖంలా ఉంది.

"ఇది బోర్డు వెలుగు కాదు" అన్నాడు.

"అదేంటి నాన్నా?"

"బోర్డు వెలుగు వణుకుతుందే. ఎంత బిగించి పట్టుకున్నా చేతులు మనిషివి కదా. కళ్ల కింద చూస్తే తెలిసిపోతుంది, నీళ్ల మీద ఎండలాగా చిన్న కదలిక ఉంటుంది. ఇక్కడ లేదు. ఒక్క పిసరు కూడా లేదు. ఇది ఎండే."

"మరి ఇన్నాళ్లూ నువ్వు..."

"అదే నాకూ అర్థం కావట్లేదు."

నా దుకాణానికి వచ్చేవాళ్లు చాలామంది గోడమీది అక్షరాలను చూసి చదవరు, గుర్తుంచుకుని చదువుతారు. కనబడటం లేదని ఒప్పుకోవడం కంటే గుర్తున్నది చెప్పడం తేలిక. వాళ్లని పట్టుకోవడం నాకు అలవాటు. కాని నాన్న చేసింది దానికి పూర్తిగా తలకిందులు. తనకి గుర్తున్నది పక్కన పెట్టి, కంటికి కనబడ్డదాన్నే నమ్మాడు. జీవితమంతా శిక్షణ ఇచ్చుకున్న కన్ను అది, దాని తీర్పుని కాదనలేకపోయాడు. ఇంత బాగున్న పని నాది అయ్యుండదు అనుకున్నాడు. ఇలాంటి పొరపాటు చేయగలవాళ్లు లోకంలో ఎందరుంటారని ఆలోచిస్తే నాకు గర్వమూ కలిగింది, భయమూ వేసింది.

భయం ఎందుకంటే అది ఒక్క సీనుతో ఆగలేదు. నాలుగు రోజులు పోయాక, "ఆ నది ఒడ్డు పాట కూడా ఎండేనేమో" అన్నాడు. తర్వాత మరొకటి. అల్లికలో ఒక దారం తెగితే పక్కవి జారినట్టు ఒక్కొక్కటీ వదిలేస్తున్నాడు. కూరగాయల వాడిని అటు తిరగమనడం మానేశాడు. కిటికీ తెర ఎటు జరిపినా పట్టించుకోవడం లేదు. ఒక మధ్యాహ్నం నన్ను పిలిచి, చాలా మామూలుగా, దుకాణంలో సరుకు గురించి అడిగినట్టు అడిగాడు: "ఏమ్మా, నేను అసలు అక్కడ పని చేశానంటావా? ఊరికే వెళ్లి నిలబడి వచ్చేవాడినేమో."

డాక్టరు చూసి, వయసు అన్నాడు. వయసే కావచ్చు. కాని నాకు తెలిసినంతవరకు ఆయన మర్చిపోవడం లేదు. ఒప్పుకోవడం లేదు. ఆ రెండూ వేరు.

*

పెట్టెలు వచ్చింది ఆ రోజుల్లోనే. అమ్మ దిద్దిన ఆ ఫోటోలు తీసిన స్టిల్స్ బాబాయి పోయాక ఆయన కూతురు వాళ్ల అటక దులిపి, రేకు పెట్టెలు మూడు మా ఇంటికి పంపింది. పాత సినిమాల వస్తువులు భద్రపరిచే సంస్థ ఒకటి వాటిని తీసుకుంటానంది, కాని ఏది ఏ సినిమాయో, ఎవరెవరో చెప్పగలిగింది అమ్మ ఒక్కతే. "పిన్నీ, నువ్వెలా చెబితే అలా" అని ఫోన్లో అప్పగించేసింది. పెట్టె మూత తీయగానే పులిసిన వాసన గుప్పుమని కొట్టింది. పాత ఫిల్మ్ చెడిపోవడం మొదలైతే అలాగే పుల్లగా వాసన వేస్తుందట. నాన్నకి ఉబ్బసం, ఆ వాసనకి దగ్గొస్తుందని వెనక గదిలో పెట్టి తలుపు మూసేశాం. ఆయన అటు రాలేదు. అడగనూ లేదు.

సంస్థ నుంచి ఒక అమ్మాయి వచ్చేది. తెల్ల చేతితొడుగులు వేసుకుని ఒక్కో నెగటివ్‌నీ పసిబిడ్డని ఎత్తినట్టు ఎత్తేది. "అంచులు భద్రం అమ్మా", "వేలు భద్రం", "తుమ్మొస్తే అటు తిరగండి, భద్రం". రెండో రోజుకే అమ్మ ఆ పిల్లకి భద్రం అని పేరు పెట్టేసింది.

"ఏమ్మా భద్రం, నేను వీటిని తడి చేతులతో కూడా పట్టుకున్నాను తెలుసా?"

"ఆ మాట పైకి అనకండి అమ్మా, నాకు గుండె ఆగిపోతుంది."

ఆదివారాలూ, దుకాణం లేని పూటలూ నేనూ వాళ్లతో కూర్చునేదాన్ని. సినిమా హీరోల ఫోటోలు ఉంటాయనుకున్నాను. ఉన్నాయి, కాని బాబాయి దాచుకున్నవి ఎక్కువగా అవి కావు. షాట్ జరుగుతున్నప్పుడు అందరి కళ్లూ నటుల మీద ఉంటాయి. సరిగ్గా ఆ క్షణంలో ఆయన కెమెరాని ఇటు, పనివాళ్ల వైపు తిప్పేవాడు. అప్పుడైతే పనివాళ్లు ఎవరూ పక్కకి తప్పుకోరు. మామూలుగా వాళ్లకి కెమెరా కనబడితే చాలు, వంగి పక్కకి జారిపోవడం ఒంట్లో జీర్ణించుకుపోయిన అలవాటు. బాబాయి వాళ్లని ఊపిరి బిగబట్టిన సమయంలో పట్టుకున్నాడు. ట్రాలీ తోసేవాళ్లు ముగ్గురు, చప్పుడు కాకుండా చెప్పులు విప్పేసి, కాలివేళ్ల మీద. నోటినిండా జడపిన్నులు కరుచుకుని, తను వేసిన ముడి ఎక్కడ ఊడుతుందోనని చూస్తున్న జుట్టు దిద్దే ఆవిడ. వానలో కెమెరాకి గొడుగు పట్టి తను నిలువునా తడుస్తున్న మనిషి. నేల మీద వెల్లకిలా పడుకుని, మైకు కర్రని రెండు చేతులతో పైకెత్తి, కళ్లు మూసుకుని వింటున్న ఇంకొకడు. అందరూ ఒకేవైపు చూస్తున్నారు, ఆ వైపు ఏముందో మనకి కనబడదు. అంత శ్రద్ధగా చూసే ముఖాలను నేను నా దుకాణంలో ఎప్పుడూ చూడలేదు. అక్కడ అందరూ తమకేం కనబడుతోందన్న దిగులుతో చూస్తారు. వీళ్లకి తమ గోల లేదు.

"ఇతనెవరమ్మా?" అని భద్రం అడిగేది.

"గొడుగా? వాడి పెళ్లానికి వాడు తడిసి ఇంటికి రావడం ఇష్టం ఉండేది కాదు. ఒకసారి సెట్టుకొచ్చి డైరెక్టరుని కడిగి పారేసింది. మర్నాడు గొడుక్కి గొడుగు పట్టడానికి ఇంకొకణ్ణి పెట్టారు."

భద్రం పొట్ట పట్టుకుని నవ్వి, తర్వాత శ్రద్ధగా రాసుకునేది.

నాన్న మాత్రం ఎందులోనూ లేడు. నేను వెతుకుతున్నానని అమ్మకి తెలుసు. ఏమీ అనలేదు, రెండో పెట్టె అడుగున ఎర్ర మచ్చలున్న నెగటివ్‌ల కట్ట బయటపడేదాకా.

"ఇదిగో. వీటిలో ఉన్నాడు" అంది.

"ఎక్కడ?"

"కనబడితే ఇంకేముంది? నా ఉద్యోగం ఊడేది."

అప్పుడు చెప్పింది. అంతకుముందు ఎప్పుడూ చెప్పలేదు. కొత్తగా పనిలో చేరినప్పుడు తనకి వచ్చే నెగటివ్‌లలో ఒక బోర్డు మనిషి తరచుగా అంచున పడేవాడట. మూయడానికి విసుగొచ్చి, "ఆ మనిషిని కాస్త అవతల నిలబడమనండి, నా రంగంతా ఆయనకే ఖర్చవుతోంది" అని బాబాయితో చెప్పి పంపింది. ఎవరన్నారని నాన్న అడిగితే, "నిన్ను చెరిపే అమ్మాయి" అన్నాడట బాబాయి.

"ఆపైన మానేస్తాడనుకున్నాను. ప్రతి దాంట్లోనూ ప్రత్యక్షం! ఒకసారి తల దువ్వుకుని. ఒకసారి కొత్త చొక్కా. చెరిపించుకోవడానికి కొత్త చొక్కా వేసుకునే మనిషిని ఎక్కడైనా చూశావా?"

"ఎందుకలా చేశాడు?"

"అదే అడిగాను, పెళ్లయ్యాక. చూడకుండా చెరపలేరు కదా అన్నారు మీ నాన్న."

భద్రం పెన్ను ఆపేసింది. అమ్మ కట్టలోంచి ఒకదాన్ని తీసి గాజుబల్ల మీద పెట్టింది. కొండవాలు. నడిమధ్యన తల ఎత్తుతున్న ఆడమనిషి, నెగటివ్‌లో జుట్టు తెల్లగా, ముఖం నల్లగా. కుడివైపు అంచున, ఆకాశానికి ఆని, ఎర్రటి మచ్చ.

"ఇది ఆ సీనేనా?" అన్నాను.

"ఆ సీనే. షాట్ జరుగుతుండగానే బాబాయి పక్కనుంచి తీశాడు."

నేను ఆగలేకపోయాను. నెగటివ్‌ని అక్కడే వదిలి హాల్లోకి వెళ్లి నాన్నకి చెప్పాను. ఆయన పేపరు మడిచి నా మాట మొత్తం విన్నాడు. "ఎరుపు కింద ఎవరైనా ఉండొచ్చమ్మా. మేం నలుగురం ఉండేవాళ్లం బోర్డులకి" అన్నాడు. "మీ అమ్మ మంచిది. నా కోసం చెబుతుంది."

*

ఆ రంగు నీళ్లకి కరిగేదే. తడి దూదితో తుడిస్తే పోతుంది. ఈ సంగతి అమ్మ చెప్పిన దగ్గర్నుంచి నా మనసు ఇంకోదాని మీద నిలవలేదు. ఒక్క తడి దూది. నేను పుట్టకముందటి నాన్న ముఖం. ఇరవై ఏడో ఇరవై ఎనిమిదో ఉంటాయేమో. ఆ ముఖాన్ని చూస్తే ఆయన కాదనలేడు. నిజం చెప్పాలంటే ఆయన కోసమే అనుకోవడం కూడా నాకు తేలికగా ఉన్న మాట. నాకే చూడాలని ఉంది.

భద్రం ఒప్పుకోలేదు. "ఎలా దొరికిందో అలాగే ఉంచాలి అమ్మా. అదీగాక ఈ ఫిల్మ్ చూడండి, అంచున పొర లేస్తోంది. నీళ్లు తగిలితే బొమ్మ మొత్తం ఊడి దూదికి అంటుకోవచ్చు. అప్పుడు ఆవిడా ఉండదు, ఈయనా ఉండరు."

"ఊడకపోతే?" అన్నాను.

ఆ అమ్మాయి తొడుగులు తీసి ఒళ్లో పెట్టుకుంది. నాతో కాదు, అమ్మతో మాట్లాడింది. "ఊడకపోయినా ఒకటుంది. ఇన్ని పెట్టెలు చూశాం కదా, మీరు ఒక్క ఫోటోలోనూ లేరు. సెట్టుకే వెళ్లని పని మీది. మీరున్నది ఈ ఎరుపులోనే. ఇది కడిగేస్తే ఆయన వస్తారు, మీరు పోతారు."

అమ్మ కాసేపు ఆ మచ్చనే చూసింది. తన చేతి పనిని ఎవరో పని అన్నారని అప్పుడే విన్నట్టుంది.

"నేనెక్కడికి పోతానే" అంది చివరికి. "వంటింట్లో ఉంటాను. ఆయనే ఎక్కడికో పోతున్నారు."

నిర్ణయం మీదే, నేను ఆపలేను అని చెప్పి, పెట్టె మూత రెండుసార్లు సరిచూసుకుని భద్రం వెళ్లిపోయింది.

తర్వాతి ఆదివారం పొద్దున్నే అమ్మ నన్ను లేపింది. "లే, భద్రం రాకముందే కానిచ్చేద్దాం." వెనక గదిలో గాజుబల్ల వెలిగించి ఉంది. గిన్నెలో కాచి చల్లార్చిన నీళ్లు, పుల్లకి చుట్టిన దూది. అమ్మకి కంట్లో శుక్లాలున్నాయని నేను ఎన్నిసార్లు చెప్పినా ఆపరేషనుకి రాలేదు. "నువ్వు చెయ్" అని దూది నా చేతికిచ్చింది. నేను వంగాను. పుల్ల చివర నీటిబొట్టు ఉబ్బింది. అంత దగ్గర నుంచి చూస్తే మొదటిసారి ఆ ఎరుపు అంచు కనబడింది. మచ్చ అనుకున్నాను ఇన్నాళ్లూ. మచ్చ కాదు. మోకాలి వంపు, చొక్కా చేతి మడత, చెవి పక్కన కదిలిన జుట్టు కూడా. ఆకాశంలో పలచటి మబ్బులున్నాయి కాబట్టి వాటిని ముట్టుకోకుండా మనిషిని మాత్రమే మూయాలి. అందుకే అలా పూశాననే అంటుంది అమ్మను అడిగితే. నేను అడగలేదు. నా చెయ్యి ఆగింది.

"ఏమైందే? కానీ."

"ఉండమ్మా, అంచు చూస్తున్నాను."

"పొద్దున్నే ఏం చేస్తున్నారు ఇద్దరూ, దొంగల్లా?"

గుమ్మంలో నాన్న. ముక్కుకి తువ్వాలు అడ్డం పెట్టుకున్నాడు. ఆయన టీ సంగతి ఇద్దరం మర్చిపోయాం, గిన్నె పొయ్యి మీదే ఉంది.

అమ్మ దాచలేదు. "మిమ్మల్ని బయటికి తీస్తున్నాం" అంది.

ఆయన లోపలికి వచ్చాడు. దూది ఉన్న నా చేతిని తన చేత్తో అలా పక్కకి జరిపి, నెగటివ్‌ని అంచులు పట్టుకుని, గాజుబల్ల మీద కాదు, కిటికీ దగ్గరికి తీసుకెళ్లి ఎండకి ఎత్తి చూశాడు. చాలాసేపు. దగ్గు వచ్చింది, ఆపుకున్నాడు.

"తల ఏదీ?" అన్నాడు.

"ఏ తల?"

"నా తల. బోర్డుంది, మోకాలుంది, చెవి పక్క జుట్టుంది, తల విడిగా ఏదీ?"

"నేనేమన్నా మింగానా?" అంది అమ్మ. "తలా బోర్డూ కలిసే ఉన్నాయి. మధ్యన సందు ఉంటే ఆకాశం వదిలేదాన్ని కానా? వెంట్రుకంత ఉన్నా వదిలేదాన్ని. లేదు కాబట్టే ఒక్కటిగా పూశాను."

నాన్న తువ్వాలు కిందికి జారింది. కిటికీ గట్టు మీద కూర్చున్నాడు. ఆయన కుడిచెయ్యి దానంతట అది లేచి మెడ వెనక్కి వెళ్లి అక్కడ ఏదో తడుముకుంది.

"గాలి" అన్నాడు.

"ఏ గాలి?" అంది అమ్మ.

"ఆ రోజు గాలి, కొండ మీద. బోర్డు తెరచాపలా లాగేస్తోంది. ఎలా పట్టుకున్నా నిలవట్లేదు. అందుకని మోకాలి మీద కూర్చుని తలకి ఆనించి నొక్కేశాను. మెడ పట్టేసి ఆ తర్వాత ఎన్నాళ్లో పక్కకి తిరగలేకపోయాను." ఎవరో వేరే మనిషి పనిని మెచ్చుకుంటున్నట్టు అన్నాడు: "తలకి ఆనిస్తే వణకదు."

కిటికీలోంచి ఎండ ఆయన భుజం మీద పడుతోంది. అమ్మ గిన్నెలో నీళ్లవైపు చూసింది, నావైపు చూసింది.

"మరి కడగమంటారా, వద్దా?"

"కడిగితే ఏమొస్తుంది? నా మొహమేగా. రోజూ చూస్తూనే ఉన్నావు." నెగటివ్‌ని ఆమె చేతిలో పెట్టి లేచాడు. గుమ్మం దగ్గర ఆగి, వెనక్కి తిరక్కుండానే అన్నాడు: "చెవి దగ్గర బాగా పూశావు. టీ మాడుతోంది, చూడు."

*

వానలు పడబోతుండగా భద్రం పెట్టెలు తీసుకెళ్లడానికి వచ్చింది. వెళ్లేముందు ఒక కోరిక కోరింది. ఎరుపు ఉన్న నెగటివ్‌లతో పాటు, ఆ ఎరుపు వేసిన మనిషి పని చేస్తున్న ఫోటో ఒకటి ఉండాలంది. అమ్మ ససేమిరా అంది. ఎప్పుడూ కెమెరా ముందుకి రాలేదంది, చీర బాలేదంది, కుంచె వెంట్రుకలు ఊడిపోయాయంది. భద్రం వినలేదు. చివరికి ఒక పనికిరాని ఫిల్మ్ ముక్క, కాస్త ఎర్ర రంగు కలుపుకుని అమ్మ బల్ల ముందు కూర్చుంది. గదిలో వెలుగు చాలడం లేదు. ఆ అమ్మాయి ఫ్లాష్ పెట్టబోయింది.

"ఫ్లాషా!" హాల్లోంచి కేక వినిపించింది. "ఆవిడేమన్నా గోడా, సున్నం కొట్టడానికి?"

నాన్న వచ్చాడు. పెట్టెలు కట్టగా మిగిలిన అట్ట ఒకటి తెప్పించాడు, వంటింట్లో ఉన్న వెండి కాగితం చుట్ట మొత్తం దానికి అంటింపించాడు. "నా సామానంతా తగలేశారు" అని అమ్మ గొణుగుతూనే ఉంది. బోర్డు ఎత్తబోయి భుజం దగ్గరే ఆగిపోయాడు. చేతులు అంతకంటే లేవలేదు. ఆయన దాన్ని నాకు అందించాడు.

"నువ్వు పట్టుకోవే."

"నాకు రాదు నాన్నా."

"ఎవరికొచ్చు? వరండాలోకి వెళ్లు. ఎండ వైపు చూడకు, ఆమె వైపు చూడు."

వరండాలో మబ్బుల మధ్య నుంచి కాస్త ఎండ ఉంది. బోర్డు తిప్పాను. వెలుగు ఎక్కడో పైకప్పు మీద పడింది, ఎగిరి గోడ మీదికి దూకింది, పెట్టెల మీద జారింది. "అదుగో, పారిపోతోంది, మెల్లగా" అంటున్నాడు నాన్న. గడపలో నిలబడి, ఒక కన్ను మూసుకుని, కూరగాయల వాడిని సతాయించే గొంతుతో. "ఇంకా ఎడమకి. మోచెయ్యి కాదు, నడుము తిప్పు. ఆఁ. ఆఁ, అక్కడే. ముఖం మీద. నిలిపెయ్."

వెలుగు అమ్మ ముఖం మీద నిలిచింది. ముడతలన్నీ బంగారు రంగులో కనబడ్డాయి. శుక్లం ఉన్న కన్ను గాజులా మెరిసింది. భద్రం ఊపిరి తీసుకోవడం వినిపించింది, "అబ్బ, ఇలాగే, కదలకండి" అంటూ కెమెరా ఎత్తింది. చూడాల్సిన ముఖమే అది. ఆ ఎండాకాలమంతా నేను వెతికింది అలాంటి వెలుగులో ఉన్న ముఖం కోసమే. కాని అమ్మ కళ్లు చికిలించుకుంటోంది. చేతిలో కుంచె గాలిలో ఆగిపోయింది. ఎక్కడ పెట్టాలో ఆమెకి కనబడటం లేదు.

నన్నెవరూ అడగలేదు. నేను బోర్డు పై అంచుని కొద్దిగా ముందుకి వంచాను. వెలుగు ఆమె నుదుటి మీదినుంచి, ముక్కు మీదినుంచి కిందికి దిగి, రెండు చేతుల మీద ఆగింది. ముఖం నీడలోకి వెళ్లిపోయింది. అమ్మ తల వంచింది, కుంచె ఎర్ర రంగులో ముంచింది, పని మొదలుపెట్టింది.